మేసన్ పేజీల్లో ఫంక్షన్లు: ఇంపోర్ట్ మేలా, పూర్తి పేరు మేలా?

హన్మకొండలో మేసన్ (పెర్ల్ భాషతో వెబ్ పేజీలు తయారుచేసే టెంప్లేట్ వ్యవస్థ) లాంటి వాటితో కట్టిన పాత పెర్ల్ సైట్లు చూసుకునే మిత్రులు తిప్పి తిప్పి ఇదే అడుగుతున్నారు: ఒక మాడ్యూల్‌లోని ఫంక్షన్లు అన్ని టెంప్లేట్లలో కావాలంటే పేర్లు ఇంపోర్ట్ చేసుకోవాలా (అంటే పొట్టి పేరుతోనే పిలిచేలా తెచ్చుకోవాలా), మాడ్యూల్ పేరుతో కలిపి పూర్తిగా పిలవాలా?

మాడ్యూల్‌ను లోడ్ చేసే 'యూజ్' లైన్ ఏ ప్యాకేజీలో (పేర్లు దాచుకునే విడి గదిలో) రాస్తే పేర్లు అందులోకే దిగుతాయి. ఎంబ్‌పెర్ల్ అనే ఇంకో టెంప్లేట్ వ్యవస్థలో ప్రతి పేజీకీ తన ప్యాకేజీ ఉంటుంది కాబట్టి, ఒక పేజీలో ఇంపోర్ట్ చేసినవి పక్క పేజీకి అందవు. మేసన్ మొదటి వెర్షన్‌లో మాత్రం మీరు మార్చకపోతే పేజీలన్నీ హెచ్‌టీఎంఎల్::మేసన్::కమాండ్స్ అనే ఒకే ప్యాకేజీలో కంపైల్ అవుతాయి. సర్వర్ నుంచి రిక్వెస్టులు అందుకునే హ్యాండ్లర్ ఫైల్‌లో ఆ ప్యాకేజీ పేరు పెట్టి ఒక్కసారి 'యూజ్' రాస్తే చాలు, అన్ని పేజీలకూ అందుతుంది. రాయడానికి ఇంతకన్నా సుఖం లేదు.

చిక్కు కూడా అక్కడే. ఎనుమాముల మార్కెట్ ధరలు చూపే సైట్ ఉందనుకోండి. ధరల మాడ్యూల్‌లో 'రేట్' అంటే క్వింటా మిర్చి ధర, లెక్కల మాడ్యూల్‌లో 'రేట్' అంటే అడ్తి కమీషన్ శాతం. రెండు పేజీలు చెరొకటి ఇంపోర్ట్ చేసుకుంటే, ఆ ఉమ్మడి ప్యాకేజీలో చివరిగా దిగిన 'రేట్' ఒక్కటే నిలుస్తుంది. అప్పటికే కంపైలై సరిగ్గా నడుస్తున్న పేజీ కూడా ఆ క్షణం నుంచి కొత్తదాన్నే పిలుస్తుంది. పైగా మాడ్‌పెర్ల్ (అపాచీ వెబ్ సర్వర్ లోపలే పెర్ల్‌ను నడిపేది) కింద ఒక్కో అపాచీ చైల్డ్ (సర్వర్ నడిపే విడి ప్రాసెస్) పేజీలను తనకు వచ్చిన వరుసలో కంపైల్ చేసుకుంటుంది. దాంతో రిక్వెస్ట్ ఏ చైల్డ్‌కు వెళ్లిందన్న దాన్ని బట్టి ఒకసారి రిఫ్రెష్ కొడితే ధర వస్తుంది, మళ్లీ కొడితే కమీషన్ వస్తుంది. 'యూజ్' రాయడం మరిచిన పేజీ కూడా కొన్ని చైల్డ్‌లలో చక్కగా నడుస్తుంది, ఎందుకంటే అక్కడ ఇంకో పేజీ ముందే ఆ పేరు దింపి ఉంటుంది. టెస్టింగ్‌లో ఒకే చైల్డ్‌తో చూస్తే ఇవేవీ బయటపడవు. నా వరకు తేల్చేది ఇదే, టైపింగ్ ఎంత తగ్గిందన్నది కాదు.

అందుకే నా మొగ్గు పూర్తి పేరు వైపే. సర్వర్ మొదలయ్యేటప్పుడు నడిచే స్టార్టప్ ఫైల్‌లో మాడ్యూల్ పేరు పక్కన ఖాళీ బ్రాకెట్లు పెట్టి 'యూజ్' రాస్తే మాడ్యూల్ లోడవుతుంది, పేర్లు మాత్రం ఎక్కడా దిగవు. పేజీలో ధరలు::రేట్ అని కనబడితే ఏ ఫైల్ తెరవాలో వెంటనే తెలుస్తుంది. మాడ్యూల్ పేరు పొట్టిగా పెట్టుకుంటే చేతికి బరువూ ఉండదు. ఇంపోర్ట్‌కూ ఒక మంచి గుణం ఉంది: కావలసిన పేర్లు విడివిడిగా రాసి అడిగితే, అక్షరం తప్పినా కంపైల్ దగ్గరే ఆగిపోతుంది. పూర్తి పేరులో తప్పు రాస్తే ఆ లైన్ నడిచేదాకా తెలియదు. రూపాయలకు లక్షల కామాలు పెట్టేలాంటి, ఇంకెవరూ ఆ పేరు పెట్టరని నమ్మకమున్న ఒకటి రెండు ఫంక్షన్లను నేనూ ఇంపోర్టే చేస్తాను.

మేసన్ రెండో వెర్షన్‌లో ప్రతి పేజీ ఒక క్లాస్, కాబట్టి ఈ ఉమ్మడి గొడవ లేదు. మోజోలిషియస్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ అయితే హెల్పర్ (అన్ని టెంప్లేట్లకూ అందే ఫంక్షన్) రాసుకోండి. టెంప్లేట్ టూల్‌కిట్ అనే ఇంకో టెంప్లేట్ వ్యవస్థలో ఫంక్షన్‌ను వేరియబుల్‌గా పంపితే సరిపోతుంది.