ప్రైవేట్ గేమ్ సర్వర్‌లో వీఐపీ ప్యాక్ కొంటున్నారా? డబ్బు కట్టేముందు లాంచర్ సంగతి చూసుకోండి

ప్రైవేట్ గేమ్ సర్వర్లలో (గేమ్ కంపెనీ కాకుండా వేరేవాళ్లు సొంతంగా నడిపేవి) ర్యాంకులు, మౌంట్లు (గేమ్‌లో స్వారీ జంతువులు), డబుల్ ఎక్స్‌పీ (రెట్టింపు అనుభవ పాయింట్లు) ప్యాక్‌లు కొనేవాళ్లకు ఈ హెచ్చరిక. మోసం జరిగే తీరు దాదాపు ఒకటే. డబ్బు కట్టగానే "పాత క్లయింట్‌లో ప్యాక్ పనిచేయదు, మా లాంచర్ వేసుకోండి" అంటారు. క్లయింట్ అంటే మీ కంప్యూటర్‌లో ఉండే గేమ్ ప్రోగ్రామ్, లాంచర్ అంటే దాన్ని తెరిచి అప్‌డేట్ చేసే ప్రోగ్రామ్. లింకు ఏదో ఫైల్ షేరింగ్ సైట్‌కి తీసుకెళ్తుంది. అక్కడ దొరికే జిప్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది. విప్పగానే యాంటీవైరస్ అడ్డుపడుతుంది. సపోర్ట్‌లో అడిగితే "ఫాల్స్ పాజిటివ్, ఫోల్డర్‌ని ఎక్స్‌క్లూజన్‌లో పెట్టి అడ్మిన్‌గా రన్ చేయండి" అని జవాబు. అంటే అది తప్పుడు హెచ్చరికని, ఆ ఫోల్డర్‌ని యాంటీవైరస్ తనిఖీ నుంచి తప్పించి ప్రోగ్రామ్‌కి కంప్యూటర్ మీద పూర్తి హక్కు ఇవ్వమని. చెప్పినట్టే చేస్తే గేమ్ చక్కగా నడుస్తుంది కూడా. ఆ తర్వాత మెయిల్, చాట్, అసలు గేమ్ అకౌంట్లు ఒక్కొక్కటే చేజారిపోతాయి. రీఫండ్ మాటెత్తితే "అది డొనేషన్, అమ్మకం కాదు" అంటారు.

టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ) పెట్టుకున్నా అకౌంట్లు ఎలా పోతాయని చాలామందికి అనుమానం. రెడ్‌లైన్, లుమ్మా లాంటి స్టీలర్లు (సమాచారం దొంగిలించే మాల్‌వేర్) పాస్‌వర్డ్ ఒక్కదానితో ఆగవు, బ్రౌజర్‌లో ఉన్న సెషన్ కుకీలనూ పట్టుకుపోతాయి. మీరు లాగిన్ అయి, ఓటీపీ కొట్టి, లోపలికి వెళ్లాక సైట్ ఇచ్చే గుర్తే ఆ కుకీ. అది దొంగ చేతికి చిక్కితే చాలా సైట్లు మళ్లీ ఓటీపీ అడగవు. 2024 అక్టోబర్‌లో రెడ్‌లైన్ మీద, 2025 మేలో లుమ్మా మీద అంతర్జాతీయ స్థాయిలో చర్యలు తీసుకుని వాటి సర్వర్లు, వెబ్ అడ్రస్‌లు పట్టుకున్నారు. కానీ ఇవి అద్దెకు దొరికే సరుకు, ఒకటి మూతపడితే అమ్మేవాళ్లు ఇంకోదానికి మారతారు.

జిప్‌కి పాస్‌వర్డ్ ఎందుకంటే, అది తెలియకుండా మెయిల్ సర్వీసు గానీ డౌన్‌లోడ్ స్కానర్ గానీ లోపలున్నది చూడలేవు. నిజాయితీగా లాంచర్ పంచేవాడికి దాన్ని దాచాల్సిన పనేముంది? ఇంకో ఎత్తు ఫైల్ సైజు. కొన్ని ఎంబీలు ఉండాల్సిన లాంచర్‌లో ఖాళీ బైట్లు కుక్కి వందల ఎంబీలకు పెంచుతారు. వైరస్‌టోటల్ (ఒక ఫైల్‌ని చాలా యాంటీవైరస్ ఇంజిన్లతో ఒకేసారి పరీక్షించే సైట్) 650 ఎంబీ దాటిన ఫైల్ తీసుకోదు, చాలా స్కానర్లు పెద్ద ఫైళ్లను వదిలేస్తాయి. 700 ఎంబీ ఎగ్జిక్యూటబుల్ జిప్‌లో 10 ఎంబీకి ఒదిగిందంటే లోపలున్నది చాలావరకు ఖాళీ బైట్లే.

వైరస్‌టోటల్‌లో ఒకటి రెండు ఇంజిన్లు ఎర్రగా చూపిస్తే అది నిజంగానే ఫాల్స్ పాజిటివ్ కావచ్చు. మెమరీని ప్యాచ్ చేసే గేమ్ లాంచర్లను కొన్ని ఇంజిన్లు ఎప్పుడూ అనుమానిస్తాయి. కానీ పేరున్న ఇంజిన్లు నాలుగైదు "స్టీలర్" అనో "ర్యాట్" (దూరం నుంచి మీ కంప్యూటర్‌ని నడిపే మాల్‌వేర్) అనో చెబుతుంటే సపోర్ట్ మాట పక్కన పెట్టండి. పూర్తి క్లీన్ రిపోర్ట్ వచ్చినా అది ఆ రోజు, ఆ ఫైల్ వరకే. లాంచర్ ప్రతిసారీ తెరుచుకోగానే సర్వర్ నుంచి కొత్త ఫైళ్లు తెచ్చుకుంటుంది. మీరు స్కాన్ చేసిన లాంచర్ వేరు, మూడు నెలల తర్వాత నడిపేది వేరు. మధ్యలో సర్వర్ చేతులు మారొచ్చు, అప్‌డేట్ సర్వర్‌నే ఎవరో హ్యాక్ చేయొచ్చు. మా లెక్కలో అతి పెద్ద ప్రమాదం ఇదే. దీని గురించి ఎవరూ మాట్లాడరు, అందరూ ఐపీ అడ్రస్ గురించే భయపడతారు. ఐపీ తెలిస్తే మహా అయితే ఎవడో కోపంతో డీడాస్ చేస్తాడు, అంటే ట్రాఫిక్‌తో ముంచెత్తి మీ నెట్ పడగొడతాడు. రౌటర్ ఆపి ఆన్ చేస్తే చాలా కనెక్షన్లలో ఐపీ మారిపోతుంది.

అందుకే సర్వర్ మంచిదా చెడ్డదా అని తేల్చడం కన్నా, అది మీ కంప్యూటర్‌లో ఏం మార్చమంటోందో చూడటం తేలిక. గేమ్ ఫోల్డర్‌లోని టెక్స్ట్ ఫైల్‌లో సర్వర్ అడ్రస్ మార్చమంటే ఇబ్బంది లేదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లోని రియల్మ్‌లిస్ట్ ఫైల్ అలాంటిదే. హోస్ట్స్ ఫైల్‌లో (ఏ సైట్ పేరు ఏ ఐపీకి వెళ్లాలో విండోస్ చూసుకునే జాబితా) ఒక లైన్ కలపమంటే ఆ లైన్ మీరే టైప్ చేయండి, వాళ్ల బ్యాచ్ ఫైల్ నడపొద్దు. సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్లో ఉండే ఆ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌తో తెరవండి. మామూలు ఇంటి కంప్యూటర్‌లో లైన్లన్నీ హ్యాష్ గుర్తు (#)తో మొదలవుతాయి. హ్యాష్ లేని లైన్లలో యాంటీవైరస్ కంపెనీల పేర్లు, అప్‌డేట్ సైట్ల పేర్లు 127.0.0.1కో (మీ సొంత కంప్యూటర్ అడ్రస్) 0.0.0.0కో (ఎక్కడికీ వెళ్లని అడ్రస్) కట్టి ఉంటే ఎవరో కావాలనే దారి మూశారని అర్థం.

అడ్మిన్ అనుమతి అడిగితే ముందు గేమ్ ఎక్కడ పెట్టారో చూడండి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉన్న గేమ్‌కి అప్‌డేట్ రాయాలంటే అడ్మిన్ హక్కు కావాల్సిందే, అందులో మోసమేం లేదు. ఫోల్డర్‌ని అక్కడి నుంచి తీసి వేరే డ్రైవ్‌లో పెట్టి మళ్లీ నడపండి. అప్పుడూ అడ్మిన్ లేనిదే కదలనంటే ఆ లాంచర్‌తో పని లేదు. డిఫెండర్ (విండోస్ సొంత యాంటీవైరస్) ఎక్స్‌క్లూజన్ కావాలంటే ఒప్పుకోవద్దు. కొన్ని లాంచర్లు అడ్మిన్ దొరకగానే అడగకుండానే సీ డ్రైవ్ మొత్తాన్నీ ఎక్స్‌క్లూజన్‌లో వేసేస్తాయి. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, మేనేజ్ సెట్టింగ్స్, కింద ఎక్స్‌క్లూజన్స్ తెరిస్తే జాబితా కనిపిస్తుంది. మీరు పెట్టనిది ఏదున్నా తీసేయండి.

రూట్ సర్టిఫికెట్ (ఏ సైట్ సర్టిఫికెట్లను నమ్మాలో తేల్చడానికి విండోస్ ఆధారపడేది) వేయమంటే కాస్త ఆగాలి, ఎందుకంటే ఇది గేమ్ దాటి బ్యాంకు దాకా పోతుంది. హెచ్‌టీటీపీఎస్ మీద అసలు కంపెనీ సర్వర్‌తో మాట్లాడే గేమ్‌లను ప్రైవేట్ సర్వర్ వైపు మళ్లించాలంటే మధ్యలో ఒక ప్రాక్సీ (రెండు వైపుల మాటలూ చేరవేసే ప్రోగ్రామ్) కూర్చోవాలి. అది చూపించే సర్టిఫికెట్‌ను విండోస్ నమ్మాలంటే ఒక రూట్ సర్టిఫికెట్ ఇన్‌స్టాల్ చేయాలి. ఫిడ్లర్, మిట్మ్‌ప్రాక్సీ లాంటి టూల్స్ ఆ సర్టిఫికెట్‌ను మీ కంప్యూటర్‌లోనే కొత్తగా తయారుచేస్తాయి, ప్రైవేట్ కీ (దాని పేరుతో కొత్త సర్టిఫికెట్లు పుట్టించగల రహస్యం) మీ దగ్గరే ఉంటుంది. (ఫిడ్లర్ క్లాసిక్ తన సర్టిఫికెట్‌కి పెట్టిన పేరు మొదలయ్యేదే "డూ నాట్ ట్రస్ట్" అని. అంతకన్నా సూటిగా ఎవరు చెబుతారు?) సర్వర్ వాళ్లే ముందే తయారుచేసిన సర్టిఫికెట్ ప్యాక్‌లో పెట్టి పంపితే మాత్రం కథ వేరు. కీ వాళ్ల దగ్గరుంటుంది. కొన్నిసార్లు అదే కీ ప్యాక్‌లో చేరి కొన్న అందరి దగ్గరా ఉంటుంది. ఆ కీ ఉన్నవాడు మీ నెట్‌వర్క్ దారిలో ఎక్కడైనా కూర్చుంటే బ్యాంకు సైట్ పేరుతో దొంగ సర్టిఫికెట్ చూపించవచ్చు. బ్రౌజర్ ఏ హెచ్చరికా లేకుండా మామూలుగానే తెరుస్తుంది.

తీసేయాలంటే స్టార్ట్ మెనూలో "మేనేజ్ యూజర్ సర్టిఫికెట్స్" వెతికి, ట్రస్టెడ్ రూట్ సర్టిఫికేషన్ అథారిటీస్ కింద చూడండి. తర్వాత "మేనేజ్ కంప్యూటర్ సర్టిఫికెట్స్" తెరిచి అక్కడా చూడండి. రెండూ వేరు వేరు, చాలామంది ఒకటే చూసి ఊరుకుంటారు. అసలైన కంపెనీల సర్టిఫికెట్లు చెరిపేస్తే వేరే ఇబ్బందులొస్తాయి కాబట్టి ప్యాక్ వేసిన తేదీ, జారీచేసిన పేరు చూసుకుని తీయండి. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ కింద ప్రాక్సీ పేజీ చూడండి. గేమ్ మూసేశాక ఇంటర్నెట్ పనిచేయడం మానేసిందంటే చాలావరకు 127.0.0.1 ప్రాక్సీ అలాగే ఉండిపోయి ఉంటుంది.

కెర్నెల్ డ్రైవర్ (విండోస్ గుండెలో, అడ్మిన్ కన్నా ఎక్కువ హక్కుతో నడిచేది) వేయమన్నా, విండోస్ రక్షణలైన మెమరీ ఇంటెగ్రిటీ, సెక్యూర్ బూట్ ఆపమన్నా అక్కడితో వదిలేయండి. పేరున్న కంపెనీ రాసిన డ్రైవరే ఆయుధంగా మారిన సందర్భం ఉంది. గెన్షిన్ ఇంపాక్ట్ గేమ్ యాంటీచీట్ (ఆటలో మోసాన్ని పట్టే) డ్రైవర్‌ను వాడుకుని రాన్సమ్‌వేర్ ముఠా యాంటీవైరస్‌లను ఆపేసిందని 2022లో సెక్యూరిటీ కంపెనీ ట్రెండ్ మైక్రో బయటపెట్టింది. అది పనిచేయడానికి ఆ కంప్యూటర్‌లో గేమ్ ఉండాల్సిన అవసరం కూడా లేదు.

లాంచర్ లేకుండా పాత క్లయింట్‌తో కేవలం కనెక్ట్ అయినా చిక్కు వచ్చే మాట నిజమే. కౌంటర్ స్ట్రైక్ 1.6 క్లయింట్‌లోని లోపాలు వాడుకుని, చేరిన ఆటగాళ్ల కంప్యూటర్లోకి దూరే బెలోనార్డ్ ట్రోజన్ గురించి 2019 మార్చిలో యాంటీవైరస్ కంపెనీ డాక్టర్ వెబ్ ప్రకటించింది. స్టీమ్ క్లయింట్‌లో కనిపించే దాదాపు 5,000 సర్వర్లలో 1,951 ఆ ట్రోజన్ సృష్టించినవేనని లెక్క చెప్పింది. 2021 డిసెంబర్‌లో లాగ్4షెల్ (జావా ప్రోగ్రామ్‌లు వాడే లాగ్4జే లైబ్రరీలోని లోపం) బయటపడినప్పుడు మైన్‌క్రాఫ్ట్ చాట్‌లో ఒక్క మెసేజ్‌తోనే పాత జావా క్లయింట్‌లో కోడ్ నడిపించగలిగారు. 1.18.1లో సరిచేశారు. మోడ్‌ల (గేమ్‌ని మార్చే అదనపు ఫైళ్లు) కోసం పాత వెర్షన్‌లో ఉండిపోయేవాళ్లు మైన్‌క్రాఫ్ట్ కంపెనీ మోజాంగ్ ఆ వెర్షన్లకు ఇచ్చిన సవరణ ఉందో లేదో చూసుకోవాలి. థర్డ్ పార్టీ లాంచర్లలో అది తనంతట తాను వచ్చి ఉండకపోవచ్చు.

హమాచి, జీరోటియర్ లాంటి వర్చువల్ లాన్ మీద నడిచే సర్వర్లయితే, చేరినవాళ్లంతా మీ ఇంటి వైఫైలో ఉన్నట్టే. ఆ అడాప్టర్ ప్రొఫైల్‌ని పబ్లిక్‌గా మార్చండి, ఫైల్ షేరింగ్ ఆపండి.

ఆడి తీరాల్సిందే అనుకుంటే పనికొచ్చే ఏర్పాటు ఒకటుంది. విండోస్‌లో ఇంకో యూజర్ అకౌంట్ తెరవండి, రకం స్టాండర్డ్ యూజర్ (అడ్మిన్ హక్కు లేనిది). ఆ అకౌంట్‌లో బ్రౌజర్‌కి ఏ లాగిన్లూ ఇవ్వొద్దు. గేమ్, లాంచర్ అక్కడి నుంచే నడపండి. అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగితే కొట్టకండి. అడ్మిన్ హక్కు లేని స్టీలర్ ఆ అకౌంట్ ఫోల్డర్లే చదవగలదు, మీ అసలు అకౌంట్ కుకీలను చేరలేదు. విండోస్ శాండ్‌బాక్స్ (మిగతా కంప్యూటర్‌కి దూరంగా నడిచే తాత్కాలిక విండోస్) ఇంకా గట్టిది, కానీ హోమ్ ఎడిషన్‌లో రాదు, మూసేస్తే అందులోనిదంతా పోతుంది. లాంచర్ ఏం చేస్తోందో ఒకసారి చూడటానికి మాత్రం బాగుంటుంది.

సర్వర్‌కి ఇచ్చే పాస్‌వర్డ్ ఇంకెక్కడా వాడకూడదు. ఊరికే చెప్పే సలహా కాదిది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ పాత ఎమ్యులేటర్లు (ప్రైవేట్ సర్వర్ నడిపే సాఫ్ట్‌వేర్) పేరునూ పాస్‌వర్డ్‌నూ పెద్ద అక్షరాల్లోకి మార్చి ఎస్‌హెచ్‌ఏ-1 హ్యాష్‌గా (పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టిన కోడ్) దాచేవి. అంటే మీరు పెట్టిన చిన్నా పెద్దా తేడాలన్నీ వృథా. మామూలు గ్రాఫిక్స్ కార్డు అలాంటి హ్యాష్‌లను సెకనుకు కోట్లలో పరీక్షిస్తుంది. రిజిస్టర్ చేసే మెయిల్ కూడా వేరేది పెట్టుకోండి.

డబ్బు సంగతి. సర్వర్ సొంత పేజీలో కార్డు నంబర్ కొట్టొద్దు, పేరున్న పేమెంట్ గేట్‌వే పేజీకి మళ్లితేనే కట్టండి. గిఫ్ట్ కార్డు, క్రిప్టో మాత్రమే తీసుకుంటామంటే ఆ డబ్బు తిరిగిరాదు. చార్జ్‌బ్యాక్ (బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి అడగడం) వేస్తే అకౌంట్ బ్యాన్ చేస్తారు, అది మాత్రం ఖాయం. నిజాయితీగల సర్వర్ కూడా ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. దాదాపు 8 లక్షల రిజిస్టర్డ్ అకౌంట్లున్న వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ప్రైవేట్ సర్వర్ నోస్టాల్రియస్, ఆ గేమ్ కంపెనీ బ్లిజార్డ్ లాయర్ల లేఖతో 2016 ఏప్రిల్‌లో మూతపడింది. ప్యాక్‌లు అమ్ముకున్న మరో ప్రైవేట్ సర్వర్ స్కేప్‌గేమింగ్ మీద 2010లో అమెరికా కోర్టు దాదాపు 8.8 కోట్ల డాలర్ల పరిహారం వేసింది. ఏడాది సబ్‌స్క్రిప్షన్ తగ్గింపు ధరకు వస్తోందని ఒకేసారి కట్టకండి.

ఇప్పటికే వేసేసుకుని, అడ్మిన్ కూడా ఇచ్చేసినవాళ్లు చేయాల్సినవి వరుసగా. నెట్ కేబుల్ తీయండి లేదా వైఫై ఆపండి. వేరే పరికరం నుంచి ముందు మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, "అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్" నొక్కండి. దొంగిలించిన కుకీ చెల్లకుండా పోయేది దీనితోనే, పాస్‌వర్డ్ మార్పు ఒక్కటే అన్నిచోట్లా సరిపోదు. మెయిల్‌లో కొత్త ఫార్వార్డింగ్ రూల్, తెలియని రికవరీ నంబర్ ఉన్నాయేమో చూడండి. తర్వాత బ్యాంకు, ఆ తర్వాత మిగతావి. బ్రౌజర్‌లో సేవ్ చేసిన ప్రతి పాస్‌వర్డ్ పోయిందనే లెక్కేసుకోండి.

కంప్యూటర్ విషయానికొస్తే, లాంచర్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేస్తే సరిపోదు. టాస్క్ షెడ్యూలర్‌లోనో సర్వీసుల్లోనో వదిలిన ముక్క మాల్‌వేర్‌ని మళ్లీ దించుకుంటుంది. మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్ ఆటోరన్స్‌తో (కంప్యూటర్‌తో పాటు మొదలయ్యేవన్నీ చూపే టూల్) వెతకొచ్చు గానీ, అడ్మిన్‌తో పాటు ఎక్స్‌క్లూజన్ కూడా ఇచ్చి ఉంటే వెతుకులాట మీద కాలం గడపకుండా విండోస్ కొత్తగా వేయడమే నయం. ఇంకో కంప్యూటర్‌లో కనీసం 8 జీబీ యూఎస్‌బీ మీద మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో ఇన్‌స్టాలర్ తయారుచేసి, డిస్క్ మీద పాత పార్టిషన్లన్నీ తీసేసి వేయండి. ఫొటోలు, డాక్యుమెంట్లు ముందే కాపీ చేసుకోవచ్చు. గేమ్ ఫోల్డర్, పాత సెటప్ ఫైళ్లు, స్క్రిప్టులు మాత్రం వెంట తెచ్చుకోవద్దు.