తివాచీ ‘తీయడానికి’ రెండు రోజులు

నా టెక్స్ట్ గేములన్నీ (కథ చదువుతూ, తర్వాత ఏం చెయ్యాలో మనమే చెబుతూ ఆడేవి) మూడేళ్లుగా సిటీ బస్సులోనే. ఒక చెయ్యి కడ్డీమీద, ఇంకో చేతి బొటనవేలు ఫోన్‌మీద. అలాంటివాడికి ఆప్షన్లు నొక్కుతూ ఆడే గేమ్ వరం. టైపింగ్ లేదు, ఆటోకరెక్ట్‌తో గొడవ లేదు. అలాంటి గేమే ‘80 డేస్’, అందులో నాలుగుసార్లు ప్రపంచం చుట్టొచ్చాను. ఏం చెయ్యాలో ఇంగ్లీషులో టైపు చేసి ఆడే 1980 నాటి ‘జోర్క్’ మాత్రం ఇప్పటికీ సగంలోనే ఉంది.

కారణం ఒక తివాచీ. తెల్ల ఇంటి హాల్లో పరిచి ఉంటుంది. దానికింద ఏదో ఉందని చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. ‘టేక్ రగ్’ అని కొట్టాను. చాలా బరువు, మొయ్యలేవంది. ‘ఓపెన్ రగ్’ అన్నాను, అదీ కుదర్లేదు. మనం తలుపూ తీస్తాం, జేబులోంచి డబ్బులూ తీస్తాం, నేలమీద తివాచీ కూడా తీస్తాం. ఇంగ్లీషులో ఒక్కోదానికి ఒక్కో క్రియ. తెలుగు మీడియంలో చదివిన బుర్రకి అది తట్టడానికి రెండు రోజులు పట్టింది.

మూడోరోజు ‘మూవ్ రగ్’ అన్నాను. జరిగింది! కింద నేలమాళిగ తలుపు. లాంతరు వెలిగించుకుని దిగానో లేదో, పైన తలుపు దభాల్న మూసుకుంది, ఎవరో గడియ పెట్టారు. తలెత్తి చూస్తే నేను దిగాల్సిన స్టాపు ఎప్పుడో వెళ్లిపోయింది.

నాలుగుసార్లు ప్రపంచం చుట్టినా స్టాపు ఒక్కసారీ తప్పలేదు మరి. అదే ఆప్షన్ల గేమైతే ‘తివాచీ పక్కకు జరుపు’ అని ముందే రాసి ఉండేది, నేనూ నొక్కేసి ముందుకు పోయేవాణ్ణి. ఇంకో దురలవాటు కూడా పట్టుకుంది: ముందు ఆప్షన్లు చదివి, తర్వాత పైన పేరా చూడటం. ఏడో తరగతి చదివే మా అమ్మాయైతే పేరా జోలికే వెళ్లదు.

కానీ తెలుగులో రాయాలంటే ఆప్షన్లే దిక్కు. ఆప్షన్ల కథలు కట్టుకునే ‘ట్వైన్’ అనే సాఫ్ట్‌వేర్‌లో రెండేసి చదరపు బ్రాకెట్ల మధ్య తెలుగు మాట పెడితే అదే లింకైపోతుంది. అలా మా అమ్మాయి కోసం ఒక ఆదివారం చిన్న కథ కట్టాను. టైపు చేసే గేమ్ తెలుగులో కట్టాలంటే తివాచీని, తివాచీకింద, తివాచీమీదున్న... ఇవన్నీ ఒకే వస్తువని దానికి నేర్పాలి. నావల్ల కాదు.

కాబట్టి బస్సులో ఆడేవాళ్లు ఆప్షన్లవే కొనుక్కోండి. ఇంట్లో కీబోర్డు, తీరిక ఉన్నవాళ్ల సంగతి వేరు, నాకైతే ఆ రెండూ లేవు. జోర్క్‌లో ప్రస్తుతం ట్రోల్ అనే రాక్షసుడి ముందు నిలబడి ఉన్నాను. లాంతరు తెచ్చుకున్నాను గానీ, హాల్లో వేలాడే కత్తి తీసుకోలేదు.