వామాకు మొక్క కావాలంటే ఇక్కడికే వెళ్లండి

హన్మకొండలో భద్రకాళి గుడికి వెళ్లే దారిలో ఉన్న ఈ చిన్న నర్సరీ నాకు చాలా నచ్చింది. 40 రూపాయలకు వామాకు మొక్క ఇచ్చారు, ఆకు మందంగా, సన్నని నూగుతో ఉంది, వేళ్ల మధ్య కాస్త నలిపితే పట్టిన ఘాటు సబ్బుతో కడిగినా పోలేదు. ఇది వాము గింజలు కాసే మొక్క కాదు, జాతే వేరు, కానీ రెంటిలోనూ థైమాల్ అనే ఘాటు వాసననిచ్చే పదార్థం ఉంటుంది కాబట్టి వాసన దాదాపు ఒకటే. శనగపిండిలో ముంచి బజ్జీ వేస్తే మా ఇంట్లో మిర్చి బజ్జీని ఎవరూ అడగరు. జలుబు చేస్తే ఆకును పెనం మీద వాడ్చి, రసం పిండి తేనెతో ఇస్తాం, అయితే ఏడాదిలోపు పిల్లలకు తేనె అసలు పెట్టొద్దు. "కొమ్మ విరిచి గుచ్చినా బతుకుతది బిడ్డా, నీళ్లే ఎక్కువ పోయకు" అని అమ్మే ఆమె చెప్పి మరీ ఇచ్చింది. కృష్ణ తులసి కూడా తెచ్చాం, గ్రహణం నాడు పచ్చడి జాడీల్లో ఆ ఆకులు వేయనిదే మా అత్తమ్మకు మనసొప్పదు, నాకూ ఆ నమ్మకమంటే ఇష్టమే. లోపం ఒక్కటే, కవర్లో మట్టి మరీ బంకగా ఉంది, నీళ్లు నిలిచి వేరు కుళ్లిపోతుంది, తెచ్చిన వెంటనే ఇసుక కలిపి కుండీలోకి మార్చండి. ఆదివారం రద్దీ ఉంటుంది, పొద్దున్నే వెళ్తే మంచి మొక్కలు దొరుకుతాయి.