దగ్గరికి వెళ్లగలిగే కెమెరా: ఒలింపస్ టఫ్ టీజీ-6తో కొన్నేళ్లు

నీటి అడుగున ఫొటోలు తీయాలనుకునేవారు కెమెరా కొనే ముందు సాధారణంగా రెండు విషయాలు అడుగుతారు: ఎంత లోతు వరకు తట్టుకుంటుంది, ఎన్ని మెగాపిక్సెళ్లు. విశాఖ తీరంలోని రాళ్ల మడుగుల్లోనూ, రుషికొండ దగ్గర డైవింగ్‌లోనూ, వీలు చిక్కినప్పుడు అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్ దగ్గరా ఒలింపస్ టఫ్ టీజీ-6ను కొన్నేళ్లుగా వాడుతున్న నేను మాత్రం ముందుగా మరో ప్రశ్న అడగమంటాను. అది ఎంత దగ్గరి వస్తువు మీద ఫోకస్ చేయగలదు? టీజీ-6లోని మైక్రోస్కోప్ మోడ్ కటకానికి ఒక్క సెంటీమీటరు దూరంలో ఉన్న ప్రాణిని కూడా స్పష్టంగా పట్టుకుంటుంది. ఈ ఒక్క సౌకర్యం కోసమే ఈ కెమెరాను నేను ఇంతకాలంగా అట్టిపెట్టుకున్నాను.

దగ్గరితనానికి ఇంత విలువ ఎందుకో నీటి స్వభావమే చెబుతుంది. నీరు కాంతిలోని ఎరుపును అన్నిటికంటే ముందు మింగేస్తుంది. పది మీటర్లు దిగేసరికి కళ్లకు కనిపించేదంతా నీలమూ ఆకుపచ్చా కలిసిన ఒకే రంగుగా మారిపోతుంది. ఇక్కడ లెక్కలోకి వచ్చేది మనం దిగిన లోతు ఒక్కటే అనుకోవడానికి వీల్లేదు, వస్తువు నుంచి కెమెరా దాకా కాంతి అడ్డంగా ప్రయాణించే దూరాన్ని కూడా దానికి కలుపుకోవాలి. పైగా మన తీరంలో, ముఖ్యంగా వర్షాల తరువాత, నీటిలో మట్టి, ఇసుక రేణువులు తేలుతూ ఉంటాయి. ఆ నీటిలో రెండు మీటర్ల దూరం నుంచి ఫ్లాష్ వేస్తే పొగమంచులో హెడ్‌లైట్ వేసినట్టే అవుతుంది. చేప కంటే ముందు ఆ రేణువులే వెలిగి ఫొటో నిండా తెల్లని చుక్కలు మిగులుతాయి. కెమెరాకూ ప్రాణికీ మధ్య నీరు ఎంత తక్కువ ఉంటే ఈ రెండు బాధలూ అంత తగ్గుతాయి.

ఇది నాకు పూర్తిగా అర్థమైంది అండమాన్‌లో కాదు, విశాఖలోని జోడుగుళ్లపాలెం రాళ్ల మధ్యనే. సముద్రం ఆటు మీద ఉన్నప్పుడు అక్కడి రాళ్ల గుంటల్లో నీరు నిలిచి ఉంటుంది. వాటిలో సముద్రపు పూలు, శంఖాలను ఇల్లుగా చేసుకున్న పీతలు, రాతిని పరుచుకుని గుంపులుగా పెరిగే, పగడాలకు బంధువులైన జోయాంథిడ్‌లు కనిపిస్తాయి. మోకాలి లోతు కూడా లేని ఆ గుంటల్లో పెద్ద హౌసింగ్‌లో, అంటే నీరు చొరబడని పెట్టెలో, ఉన్న కెమెరాను దించడానికే చోటుండదు. టీజీ-6 ఏ హౌసింగూ లేకుండా 15 మీటర్ల లోతు వరకు నీటిని తట్టుకుంటుంది కనుక, దాన్ని చేతితో పట్టుకుని రెండు రాళ్ల సందులోకి నేరుగా దించవచ్చు. అలా ఒక జోయాంథిడ్ గుంపును తీస్తూ ఉండగా, తెర మీద దాని అంచున ఏదో కదిలినట్టు అనిపించింది. కంటితో చూస్తే అక్కడ ఏమీ లేదు. మరికొంచెం దగ్గరికి జరిపి చూస్తే సెంటీమీటరు పొడవు కూడా లేని రొయ్య ఒకటి, దేహమంతా గాజులా పారదర్శకంగా, పొట్ట కింద గుడ్లను మోసుకుంటూ నిలబడి ఉంది. గుడ్ల లోపలి నల్లని చుక్కలు కూడా ఆ ఫొటోలో విడివిడిగా కనిపించాయి. అవి ఇంకా పుట్టని పిల్లల కళ్లు. అన్నేళ్లుగా పక్క నుంచి నడిచిపోయిన గుంటలో అలాంటి జీవితం నడుస్తోందని ఆ రోజు తెలిసినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

అయితే ఒక సెంటీమీటరు దూరంలో కటకం నీడ ప్రాణి మీదే పడుతుంది. అందుచేత పక్క నుంచి వెలుగు ఇవ్వగల చిన్న నీటి టార్చి ఒకటి తప్పనిసరి అవుతుంది, దాన్ని పట్టుకోవడానికి రెండో చెయ్యి కావాలి, డైవింగ్‌లో అలలు ఊపుతూ ఉంటే ఆ రెండో చెయ్యి దొరకదు. వేర్వేరు ఫోకస్‌లతో వరుసగా తీసిన ఫొటోలను కలిపి ఒకే స్పష్టమైన ఫొటోగా చేసే సదుపాయం కూడా ఇందులో ఉంది. కదలకుండా ఉన్న శంఖం మీద అది అద్భుతంగా పని చేస్తుంది కానీ, మీసాలు ఆడించే రొయ్య మీద ఎందుకూ కొరగాదు. షట్టర్ వేగాన్ని మనంతట మనం నిర్ణయించుకునే వీలు లేదు. 1/2.3 అంగుళాల చిన్న సెన్సర్ కాబట్టి వెలుగు తగ్గిన చోట ఫొటో గరుకుగా వస్తుంది. ఎండపొడ తగిలే మడుగులో దీన్ని మించినది లేదనిపించే నాకు, స్వరాజ్ ద్వీప్ దగ్గర పగడాల నీడలో తీసినవాటిని ఇంటికి వచ్చి పెద్ద తెర మీద చూసుకుంటే అంత తృప్తి ఉండదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. దగ్గరికి వెళ్లగలగడం అంటే తాకగలగడం కూడా. పగడాలు, సముద్ర గుర్రాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జీవులు. నీటిలో తేలుతూ ఒకేచోట స్థిరంగా నిలవడం అలవాటు కాని డైవర్ ఒక్క ఫొటో కోసం పగడాన్ని పట్టుకోవడం కంటే ఆ ఫొటోను వదులుకోవడం మేలు. ఒకప్పటి నికాన్ వారి నికోనోస్ అనే నీటి అడుగు ఫిల్మ్ కెమెరాలతో దగ్గరి ఫొటోలు తీయాలంటే కటకం ముందు ఒక లోహపు చట్రం బిగించి, ప్రాణి సరిగ్గా ఆ చట్రంలోకి వచ్చేలా చూసుకోవలసి వచ్చేది. 1963లో మొదలైన ఆ పరంపర 2001లో ముగిసింది. చట్రం లేకుండా తెర మీద చూస్తూ తీయగలగడం ప్రాణికి కూడా మేలు చేసిన మార్పు.

గోప్రో లాంటి యాక్షన్ కెమెరాలు వీడియోకు, పెద్ద చేపల గుంపులకు, తాబేళ్లకు చాలా బాగుంటాయి. కానీ వాటిలో ఎక్కువ వాటికి ఫోకస్ స్థిరంగా ఉంటుంది కాబట్టి అరచేతి దూరంలో ఉన్నది మసకబారుతుంది. కటకాలు మార్చుకునే మిర్రర్‌లెస్ కెమెరా నాణ్యతకు టీజీ-6 ఏ విధంగానూ సాటి రాదు, అయితే దానికి కావలసిన హౌసింగ్ ఒక్కటే చాలాసార్లు కెమెరా ధరను దాటిపోతుంది. టీజీ-6ను 15 మీటర్లు దాటి తీసుకెళ్లాలన్నా 45 మీటర్ల వరకు తట్టుకునే హౌసింగ్ విడిగా కొనాలి. ఏడాదికొకసారి కెమెరా బ్యాటరీ, కేబుల్ తలుపుల దగ్గరి రబ్బరు సీళ్లు మార్పించాలని తయారీదారు సూచన. ఉప్పునీటిలో వాడిన ప్రతిసారీ, తలుపులు మూసే ఉంచి, మంచినీళ్ల బకెట్‌లో కాసేపు నానబెట్టే అలవాటును నేను ఎన్నడూ తప్పలేదు.

ఇల్లు సముద్రానికి దగ్గర కావడం, ఎక్కువగా మడుగుల్లో, అప్పుడప్పుడు తక్కువ లోతు డైవింగ్‌లో తీయడం నా పరిస్థితి. హైదరాబాద్ నుంచి ఏడాదికొకసారి అండమాన్ వెళ్లి, పగడాల దిబ్బల విస్తారాన్ని చూపాలనుకునేవారికి నేను దీన్ని మొదటి ఎంపికగా చెప్పను. దీని తరువాత 2023లో వచ్చిన టీజీ-7లోనూ దగ్గరి ఫొటోల పద్ధతి ఇదే కాబట్టి, నా డబ్బును ప్రస్తుతానికి కెమెరా మీద కాకుండా, టార్చిని పట్టి ఉంచేలా కెమెరాకే బిగించుకోగల మంచి కడ్డీ మీద పెడదామనుకుంటున్నాను.