అల్టిమేట్ 3ఎస్ కిట్: తిరుపతి మిద్దె మీద 200 మిల్లీవాట్ల బీకన్

కొనదగిన కిట్టే, జీపీఎస్ కూడా కలిపి కొంటే. అది లేకుండా కొన్నవాళ్లు సగం డబ్బు బీరువాలో పడేసినట్టే.

క్యూఆర్‌పీ ల్యాబ్స్ వారి ఈ హామ్ రేడియో కిట్ మాట్లాడే రేడియో కాదు, తన గుర్తునే పదేపదే ప్రసారం చేసే బీకన్. రిసీవర్ అసలే లేదు. రెండు వరుసల డిస్‌ప్లే, రెండు మీటలు, ఏటీమెగా328 మైక్రోకంట్రోలర్, ఫ్రీక్వెన్సీ పుట్టించే ఎస్‌ఐ5351ఏ సింథసైజర్, చివర పవర్ పెంచే బీఎస్170 ట్రాన్సిస్టర్ ఒకటి. 5 వోల్టులిస్తే 200 మిల్లీవాట్లకు అటూ ఇటూ వస్తుంది. మోడ్‌లు చాలానే ఉన్నా ఎక్కువమంది కొనేది విస్పర్ (డబ్ల్యూఎస్‌పీఆర్) కోసం, అంటే బలహీన సిగ్నల్ ఎంతదూరం చేరిందో చూసే మోడ్ కోసం. కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే పేరు), లొకేటర్ (ఊరి చోటు చెప్పే సంకేతం), పవర్, ఈ మూడింటినీ 50 బిట్లకు కుదించి 110.6 సెకన్లపాటు నింపాదిగా పంపుతుంది. 2500 హెర్ట్జ్‌ల లెక్కన సిగ్నల్ రొద కంటే 28 డెసిబెల్స్ కింద ఉన్నా అవతల డీకోడ్ అవుతుంది. ఇంత తక్కువ పవర్ ఖండాలు దాటేది అందుకే. వీయూ2తో గానీ వీయూ3తో గానీ మొదలయ్యే కాల్‌సైన్ చేతికి రానివాళ్లు డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు తగిలించే రెసిస్టర్) దగ్గరే ఆగాలి.

అసెంబ్లీలో చెమట పట్టించేది అనవసర ఫ్రీక్వెన్సీలను ఆపే ఫిల్టర్ బోర్డు. 40 మీటర్ల (7 మెగాహెర్ట్జ్) బ్యాండుకు టీ37-6 పసుపు రింగుల మీద 21, 24, 21 చుట్లు. 20 మీటర్ల (14 మెగాహెర్ట్జ్) బ్యాండుకు 16, 17, 16. తీగ రింగు లోపల ఎన్నిసార్లు దూరితే అన్ని చుట్లు. బయట కనిపించేవి లెక్కపెడితే తేడా వస్తుంది. పవర్ రాకపోతే మొదట అనుమానించాల్సింది ఎనామిల్ పూతను. పూత పోని తీగకు సోల్డర్ పైపైన అంటుకుని చక్కగా మెరుస్తుంది, కరెంటు మాత్రం పారదు. కొసలు ఎమరీ కాగితంతో ఎర్రగా తేలేదాకా గీకండి. బోర్డు గుచ్చే ముందు ఒక చివర నుంచి రెండో చివరకు మల్టీమీటర్ బీప్ అనాలి.

యాంటెన్నాకు ముందు 100 ఓమ్‌ల పావు వాటు రెసిస్టర్లు రెండు ప్యారలల్‌గా కలిపి డమ్మీ లోడ్ చేసుకోండి. దానికి 1ఎన్4148 డయోడ్, 10 నానోఫారడ్ కెపాసిటర్ తగిలిస్తే, 200 మిల్లీవాట్ల దగ్గర మీటరు 3.9 వోల్టుల చుట్టూ చూపుతుంది. రెండే వోల్టులొస్తే పవర్ 70 మిల్లీవాట్లు కూడా లేనట్టు. చుట్లు మళ్లీ లెక్కపెట్టాలి. బీఎస్170 వేలు పెట్టలేనంత కాలుతుంటే బయస్ ప్రీసెట్ (ఆ ట్రాన్సిస్టర్ కరెంటు సర్దే చిన్న తిప్పుడు రెసిస్టర్) ఎక్కువైంది. సున్నా నుంచి కొద్దికొద్దిగా పెంచుకు రావాలి.

రెండు మీటలతో కాల్‌సైన్ ఎక్కించడం ఓపికకు పరీక్షే, కానీ ఒక్కసారితో పోతుంది. అసలు పొరపాటు ఫ్రీక్వెన్సీలో జరుగుతుంది. పట్టికల్లో కనిపించే 14.0956 మెగాహెర్ట్జ్ రిసీవర్ డయల్ సంఖ్య. కిట్‌లో వెయ్యాల్సింది గాలిలోకి వెళ్లేది, అంటే 14.0970కీ 14.0972కీ మధ్య. 40 మీటర్లలో 7.0400 నుంచి 7.0402. డయల్ సంఖ్యే ఎక్కిస్తే బీకన్ నిక్షేపంగా నడుస్తుంది, వినే నాథుడే ఉండడు. లొకేటర్ తిరుపతికీ చిత్తూరుకీ ఒకటే, ఎంకే93. పవర్ 23 డీబీఎం, అంటే 200 మిల్లీవాట్లు. ఫ్రేమ్ (ఎంతసేపటికోసారి ప్రసారం చెయ్యాలో) 10 నిమిషాలు పెడితే చాలు.

జీపీఎస్ సంగతి. సరి నిమిషం మొదలైన ఒక సెకనుకు ప్రసారం మొదలవ్వాలి. రెండు సెకన్లకు మించి తప్పితే డీకోడ్ మీద ఆశ వదులుకోవచ్చు. గడియారం సరిచేయడమే కాదు, 27 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఎంత జరిగిందో కొలిచి దిద్దేది కూడా జీపీఎస్సే. మే నెల ఎండలో రేకుల గదిలో పెడితే ఆ జరుగుడు తెలిసొస్తుంది. ఒక ప్రసారంలో నాలుగైదు హెర్ట్జ్‌లు జారితే కష్టమే, పైగా 7 మెగాహెర్ట్జ్‌లో ఎంత జారుతుందో 28లో దానికి నాలుగింతలు. పెట్టె కిట్‌తో రాదు. నీడపట్టున ఉంచి, బీఎస్170 వేడి క్రిస్టల్‌కు తగలకుండా చూసుకోవాలి. జీపీఎస్ యాంటెన్నాకు మాత్రం ఆకాశం కనపడాలి, స్లాబు కింద లాక్ కాదు.

20 మీటర్ల డైపోల్‌కు, అంటే రెండు చేతుల తీగ యాంటెన్నాకు, ఒక్కో చేయి 5.07 మీటర్లు. తిరుపతిలో వాయవ్యాన శేషాచలం అడ్డం, యూరప్ దారి కూడా అటే. కొండ మీదికి 700 మీటర్ల ఎత్తు తేడా అనుకుంటే, ఐదు కిలోమీటర్ల దూరం నుంచి సుమారు 8 డిగ్రీల మేర మూసేస్తుంది. అలిపిరి పక్క ఇళ్లకు ఇంకా ఎక్కువ. అందుకే తీగను వీలైనంత ఎత్తున, ఈశాన్యం నుంచి నైరుతికి లాగాలి. వాస్తు కోసం కాదు, డైపోల్ తన పక్కలకే ఎక్కువ పంపుతుంది కాబట్టి.

ఇక పొద్దుగూకాక జరిగే వింత. అయస్కాంత భూమధ్యరేఖ మనకు దగ్గర. మార్చి, ఏప్రిల్‌లలో, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరుల్లో చీకటిపడ్డాక పైన అయనోస్ఫియర్ (రేడియో తరంగాలను కిందికి వంచే పొర) బుడగలు బుడగలుగా చెదురుతుంది. తిరుపతి దగ్గరి గాదంకిలో పై వాతావరణాన్ని పరిశీలించే 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడార్ గమనించేవాటిలో ఇదొకటి. విస్పర్‌లో టోన్‌కీ టోన్‌కీ మధ్య ఎడం 1.46 హెర్ట్జే. సిగ్నల్ ఒణికిందంటే బలం ఉన్నా అక్షరం తేలదు. రాత్రి ఎనిమిదింటికి రిపోర్టులు (బీకన్ విన్నవాళ్లు నెట్‌లో పెట్టేవి) ఆగిపోయాయని స్క్రూడ్రైవర్ తియ్యకండి. డమ్మీ లోడ్ మీద ఆ 3.9 వోల్టులు వస్తున్నాయో లేదో చూసి, తెల్లారాక రిపోర్టులు మళ్లీ చూడండి.