శిక్షణా, అప్పా, కూలి పనా: పేట మనిషి వ్యాపారం నేర్చుకోవడానికి ఏది మేలు?

చేతిలో పైకం లేని ఇంటి మనిషి వ్యాపారం నేర్చుకోవాలనుకుంటే మన పట్టణాల్లో మూడు దారులున్నాయి. బ్యాంకులు నడిపే ఉచిత శిక్షణకు వెళ్ళవచ్చు, అప్పు తెచ్చి నేరుగా బండి పెట్టవచ్చు, లేదా నడుస్తున్న బండి మీద కొన్నాళ్ళు కూలికి చేరవచ్చు. వీటిని పోల్చేవారు ఎక్కడ ఎక్కువ నేర్పుతారని అడుగుతారు. నేర్చుకునేటప్పుడు తప్పులు ఎలాగూ జరుగుతాయి కనుక, ఆ నష్టం ఎవరు భరిస్తారన్నదే నాకు పెద్ద ప్రశ్న. టిఫిన్ బండినే ఉదాహరణగా తీసుకుంటాను.

1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల ఆలయం వారు, రెండు బ్యాంకులు కలిసి మొదలుపెట్టిన కేంద్రం నమూనాగా, ఈనాడు దేశమంతటా జిల్లాల్లో గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు నడుస్తున్నాయి. ఫీజు ఉండదు, భోజనమూ వసతీ వారే చూస్తారు, ముగిశాక బ్యాంకు రుణానికి దారి చూపుతారు. వ్యాపార దక్షత పెంచే తరగతుల్లో రింగులు విసిరే ఆట ఒకటి ఆడిస్తారు: మరీ దగ్గరి నుంచి విసిరితే మార్కులు తక్కువ, మరీ దూరమైతే గురి తప్పుతుంది, కాబట్టి తన సత్తాకు తగిన దూరం ఎంచుకోవడం నేర్చుకోవాలి. ఈ పద్ధతికి మూలాలు మన దగ్గరే ఉన్నాయి. 1960ల్లో అమెరికా మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ కాకినాడ వ్యాపారులను హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించి ఇలాంటి తర్ఫీదే ఇప్పించారు, ఆ తర్వాత వారి చురుకుదనం పెరిగిందని తేల్చారు. అయితే వారిలో ఎక్కువమంది అప్పటికే వ్యాపారం చేస్తున్నవారన్న సంగతిని మనం తరచు మరిచిపోతాం. పైగా ఆటలో రింగు తప్పితే ఎవరి సొమ్మూ పోదు. నష్టం లేని చోట ధైర్యం వస్తుందేమో గాని, జాగ్రత్త రాదు.

అప్పుతో నేరుగా దిగేవారికి జాగ్రత్త మొదటి రోజే వస్తుంది, కాని చాలా ఖరీదుకు వస్తుంది. పేటల్లో నడిచే రోజువారీ ఫైనాన్సులో పది వేల అప్పుకు వెయ్యి ముందే కోసుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతారు, మర్నాటి నుంచి రోజుకు వంద చొప్పున నూరు రోజులు కట్టాలి. వినడానికి వెయ్యి రూపాయలే అనిపిస్తుంది, ఏడాది లెక్కన చూస్తే వడ్డీ నూటికి డెబ్బై అయిదు పైమాటే. పిండి కొలతలు కుదరని, గిరాకీ అంతు చిక్కని మొదటి నెలలోనే ఆ వందా సాయంత్రానికి సిద్ధంగా ఉండాలి. పొదుపు సంఘం అప్పు దీనికంటే ఎన్నో రెట్లు నయం, వాయిదా నెలకొకటి, వడ్డీ తక్కువ. అయినా అప్పు దానంతటదే వ్యాపారం నేర్పదు. 2000ల నడుమ హైదరాబాద్‌లోని 104 పేద బస్తీల్లో జరిగిన పెద్ద అధ్యయనంలో, సూక్ష్మరుణాలు (పేదలకిచ్చే చిన్న అప్పులు) అందుబాటులోకి వచ్చిన బస్తీల్లో ఇంటి ఖర్చు సగటున చెప్పుకోదగినంత పెరగలేదు. లాభపడినవారు ప్రధానంగా అంతకుముందే వ్యాపారం ఉండి, అందులోనూ బాగా నడుపుకుంటున్నవారు.

మూడో దారికి పేరూ లేదు, సర్టిఫికెట్టూ లేదు. తెల్లవారుజామున నాలుగింటికి వచ్చి రుబ్బిన పిండి పొంగిందో లేదో మూత తీసి చూడటం, చలికాలంలో పులవకపోతే రాత్రి గిన్నెను ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడం, బోణీ బేరానికి అరువు పెట్టకపోవడం, చిల్లర ముందురోజే సమకూర్చుకోవడం ఇక్కడ చూసి నేర్చుకునేవే. (చట్నీ కుదిరితే ఇడ్లీ కాస్త గట్టిగా ఉన్నా క్షమించే ఊళ్ళు మనవి, అదీ ఇక్కడే తెలుస్తుంది.) ఎనిమిదిన్నర దాటాక బడిపిల్లల రద్దీ తగ్గగానే యజమానురాలు ఇంకో వాయి వేయబోయి, రోడ్డు వైపు ఒక్కసారి చూసి, గరిటె తిరిగి గిన్నెలో పెట్టేస్తుంది. ఆ చూపు విలువ ఒక వాయి ఇడ్లీలు. దాన్ని నేర్చుకునే నెలల్లో మిగిలిపోయిన పిండి ఆవిడ నష్టం, పనిమనిషికి మాత్రం కూలి ముడుతూనే ఉంటుంది.

లోపాలు లేవని కాదు. కూలి తక్కువ, గల్లా పెట్టె దగ్గరకు రానివ్వరు, సరుకు ఎక్కడ ఎంతకు తెస్తారో దాస్తారు. ఎవరి చేతి వంట ఎవరు తింటారన్న పట్టింపు ఇప్పటికీ కొందరిని గిన్నెలు కడిగే దగ్గరే ఆపేస్తుంది; అలాంటివారికి నా సలహా పనికిరాదు, వారికి సంఘం అప్పే దిక్కు. సెల్‌ఫోన్ రిపేరు, ఏసీ మెకానిజం, కుట్టుపని వంటి వాటిలోనూ చేతిపని ముందు రావాలి కాబట్టి శిక్షణే మొదటి మెట్టు.

మిగతావారికి మాత్రం నేను చెప్పే వరుస ఇది: మూడు నెలలు కూలి, ఆపైన చిన్న అప్పు, ఆ తర్వాతే శిక్షణ. 2020లో వీధి వ్యాపారుల కోసం మొదలైన కేంద్ర ప్రభుత్వ రుణ పథకం పీఎం స్వనిధిలో మొదట్లో తొలి విడత పది వేలే ఇచ్చి, అది తీర్చాక ఇరవై వేలు, ఆ తర్వాత యాభై వేలు ఇచ్చే పద్ధతి పెట్టారు. నేర్చుకునే వేగానికి తగ్గట్టు అప్పు పెరగడం అందులో నాకు నచ్చిన సంగతి. ఇక శిక్షణను చివరికి నెట్టడం దాన్ని తక్కువ చేయడానికి కాదు. సొంత బండి లెక్కల పుస్తకం పట్టుకుని తరగతికి వెళ్ళిన ఆడమనిషి అక్కడ అడగబోయే ప్రశ్నే వేరు: పొద్దున పిల్లలు తిన్న ఆరు ఇడ్లీలను ఖర్చులో రాయాలా, లాభంలో రాయాలా?