బాలాజీ కాలనీ సాక్ష్య చట్టం క్లాసు: చేరొచ్చా?

తిరుపతి బాలాజీ కాలనీలో ఓ మేడ మీద సాయంత్రం ఆరున్నరకి సాక్ష్య చట్టం క్లాసు నడుస్తుంది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకి చదివేవాళ్లు, లా ఫైనలియర్ వాళ్లు ఎక్కువ. రెండు నెలలకి ఫీజు 4,500. నాకైతే 'విషవృక్ష ఫలం' పాఠం ఒక్కదానితోనే ఆ డబ్బు గిట్టుబాటైంది.

గైడ్లు ఈ మాటని రెండు లైన్లలో తేల్చేస్తాయి: పోలీసులు చట్టం తప్పి సంపాదించిన సాక్ష్యం చెల్లదు, దాన్ని పట్టుకుని వెళ్తే దొరికిందీ చెల్లదు. అంతవరకు నిజమే, కానీ అది అమెరికా సూత్రం. సారు అక్కడి నుంచే మొదలుపెట్టారు. 1920 నాటి సిల్వర్‌థార్న్ కేసులో అధికారులు సరైన వారెంటు లేకుండా కంపెనీ కాగితాలు పట్టుకుపోయారు. కోర్టు చెప్పాక తిరిగిచ్చారు గానీ, ఈలోపు తీసుకున్న కాపీలు చూసి మళ్లీ అవే కాగితాలు తెమ్మన్నారు. అక్కడి సుప్రీంకోర్టు కుదరదంది. 1939లో నార్డోన్ కేసులో జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్ 'విషవృక్ష ఫలం' అన్నాక ఆ పేరు స్థిరపడింది.

మన దగ్గర లెక్క వేరు. ఆదాయపు పన్ను సోదాల మీద వచ్చిన పూరన్‌మల్ కేసులో మన సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం, రాజ్యాంగమో చట్టమో వద్దంటే తప్ప, కేసుకి సంబంధించిన సాక్ష్యాన్ని సోదా అక్రమమన్న ఒక్క కారణంతో తోసిపుచ్చలేమంది. వెనక బెంచీ అమ్మాయి, "అయితే వాళ్లు ఇష్టమొచ్చినట్టు ఇంట్లో దూరొచ్చా సార్?" అని గట్టిగానే అడిగింది. "దూరినవాడి తప్పు వేరమ్మా, దొరికినదాని విలువ వేరు. మొదటిదానికి వాడు జవాబు చెప్పుకోవాలి" అన్నారు. నాకు ఆ తీర్పు ఇప్పటికీ పూర్తిగా మింగుడుపడలేదు. అయినా పరీక్షలో ఏం రాయాలో, కోర్టులో ఏం వాదించాలో తేలిపోయింది.

అలాగని మన చట్టం అన్నిటినీ లోపలికి రానివ్వదు. పోలీసుల ముందు ఒప్పుకున్నది ముద్దాయి మీద రుజువు చేయకూడదు. దానివల్ల ఏదైనా బయటపడితే, దానికి నేరుగా సంబంధించిన ముక్క మాత్రమే పనికొస్తుంది. దీనికి గుంటూరు నుంచి ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మన చివరి అప్పీలు కోర్టు) దాకా వెళ్లిన పులుకూరి కోటయ్య కేసు చెప్పారు. 'ఇంటి కప్పులో దాచిన కత్తి చూపిస్తా' అన్నది చెల్లుతుంది, 'దాంతో ఫలానావాణ్ని పొడిచా' అన్నది చెల్లదు. ఆ వాక్యాన్ని బోర్డు మీద రాసి, చెల్లని సగాన్ని మా చేతే కొట్టేయించారు. ఇక మర్చిపోయే ప్రశ్నే లేదు.

లోటు నోట్సులో ఉంది. 2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం అమల్లో ఉన్నా, జిరాక్స్ నోట్సులో ఈ ఒప్పుకోళ్లకి ఇంకా పాత 25, 26, 27 సెక్షన్లే. అవి మూడూ ఇప్పుడు కొత్త చట్టం 23వ సెక్షన్‌లోకి వచ్చేశాయి. పరీక్ష దగ్గరపడ్డాక ఇలాంటివి చాలా టెన్షన్ పెడతాయి. సెల్‌ఫోన్ రికార్డింగుల సర్టిఫికెట్‌కి సంబంధించిన 63వ సెక్షన్‌ని చివరి రోజు పరుగు మీద ముగించారు, రోజూ కోర్టులో తగిలేది అదే అయినా. బలవంతపు నార్కో పరీక్షల మీద 2010లో వచ్చిన సెల్వి తీర్పు ఊసే లేదు.

తెలుగు మీడియం వాళ్లు ధైర్యంగా చేరొచ్చు, పాఠమంతా తెలుగులోనే. చంద్రగిరి వైపు వెళ్లేవాళ్లకీ బస్సు అందే వేళకే వదులుతారు. డబ్బు కట్టేముందు మాత్రం నోట్సులో కొత్త సెక్షన్ నంబర్లు పెట్టారో లేదో అడిగి చూసుకోండి.